పథ్యం పెట్టే చెయ్యి

బందరు ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో నేను నర్సుగా కొత్తగా చేరినప్పుడు నేర్పిన పాఠాల్లో ఒకటి, రోగికి చేత్తో తినిపించకూడదని. చెంచా వాడాలి. చేతులకుండే క్రిముల గురించి హెడ్ నర్సుగారు ఎంత భయంకరంగా చెప్పేవారంటే, కొన్నాళ్లు నా అన్నం నేను కలుపుకోవడానికే జంకాను. ఆ నియమం మంచిదే. ఇప్పటికీ దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

ఒక శ్రావణంలో దివిసీమ నుంచి టైఫాయిడుతో ఒక ముసలావిడ వచ్చింది. నాగాయలంక అవతల, ఏటి మధ్యనున్న ఒక లంక వాళ్లది. కొడుకు ఆవిడను పడవలో ఏరు దాటించి, బస్సులో బందరు తీసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, నాట్లు కాగానే వస్తానని వెళ్లాడు. అతను ఇల్లు చేరాడో లేదో కృష్ణకు వరద వచ్చింది. పడవలు ఆగిపోయాయి. లంక నుంచి మనిషి రావడానికి లేదు, కబురు రావడానికీ లేదు.

టైఫాయిడుకు గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు, అప్పటికి కొత్త. అంతకుముందు మా వైపు ఇళ్లలో ఆ జ్వరానికి వైద్యం లంఖణాలే. మూడు వారాలు మనిషిని మాడ్చి, జ్వరం దిగాక మంచిరోజు చూసి పథ్యం పెట్టేవాళ్లు. పాత బియ్యం దోరగా వేయించి మెత్తగా వండిన అన్నం, లేత బీరకాయ కూర, చారు. ఆ మొదటి ముద్ద ఎవరి చేత్తో పెట్టించాలన్నది కూడా ఇంటిల్లిపాదీ ఆలోచించేవాళ్లు. చెయ్యి మంచిది కాకపోతే జ్వరం తిరగబెడుతుందని భయం.

మాత్రలు వాటి పని చేశాయి. ముసలావిడకు జ్వరం దిగింది. డాక్టరుగారు మెత్తటి అన్నం పెట్టమన్నారు. జ్వరంలో బార్లీ నీళ్లూ పాలూ కాస్త కాస్త తాగిన మనిషి అన్నం కంచం చూడగానే పక్కకు తిరిగి పడుకుంది. ఏమని అడిగితే ఆకలి లేదంది. మర్నాడూ అదే మాట. పాలు కూడా మానేసింది. ఆకలి పుట్టడానికి డాక్టరుగారు టానిక్కు రాశారు. పక్కకు పిలిచి, మందు చెయ్యాల్సింది అయిపోయిందనీ, తిండి లోపలికి వెళ్లకపోతే ఈ వయసులో మనిషి నిలవదనీ నాతో చెప్పారు.

నాది గుడివాడ వైపు, క్రైస్తవ కుటుంబం. నా చేతి నీళ్లు తాగనివాళ్లను ఆ వార్డులోనే చాలామందిని చూశాను కనుక, నాకు వెంటనే తట్టింది అదే. ఒళ్లు మండింది. ప్రాణం మీదికొచ్చినా కులం వదలదా అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆయాను పంపి బ్రాహ్మణ హోటలు నుంచి కారియర్ తెప్పించాను. ముసలావిడ మూత తీసి, లోపల గుత్తివంకాయ కూర చూసి, నన్ను చంపడానికే వచ్చావా అన్నట్టు నా మొహం చూసి, మళ్లీ మూత పెట్టేసింది.

అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుని అడిగాను. ఆకలి లేదా, లేక నా చేతిది తినకూడదా, ఏదో ఒకటి చెప్పమన్నాను.

"ఆకలి లేకేం అమ్మాయ్, కడుపు కాలిపోతంది. పథ్యం పెట్టేవాళ్లు లేరు గదా," అంది.

వాళ్ల లంకలో ఎవరికి జ్వరం తగ్గినా మొదటి ముద్ద ఈవిడే పెట్టాలట. ఈవిడ చెయ్యి మంచిదని పేరు. ఎవరి పథ్యం వాళ్లు పెట్టుకోకూడదు కనుక కొడుకు వచ్చేదాకా ఆగుతానంది. వరద ఎప్పుడు తీస్తుందో ఎవరికీ తెలియదన్నాను. ఆ సంగతి తెలుసులే అంది. అంత నిమ్మళంగా అనేసరికి నాకు భయం వేసింది. పోనీ నేను పెడతానన్నాను.

"నీ చేతి ముద్ద తిని ఎవరన్నా లేచి తిరిగారా?"

నేను ఎవరికీ ముద్ద పెట్టి ఎరగను, అంతా చెంచాతోనే. ఇంతలో పక్క మంచం మీది సాయిబుల ఇంటావిడ లేచి కూర్చుంది. ఆవిడది బందరే, నిమోనియాతో వచ్చింది.

"నేను లేచానండీ మామ్మగారూ. ఈ నర్సమ్మ చేతి మందే," అంది.

ఎదుటి మంచం మీది పెడన ఆవిడ, మగ్గం నేసేవాళ్ల మనిషి, తనూ అంతేనంది. ఆ వెనక ఇంకొకావిడ. కిటికీ పక్కావిడ అప్పటికింకా మంచం దిగనే లేదు, ఆవిడా సాక్ష్యం చెప్పింది. లేపింది మందు కానీ నా చెయ్యి కాదని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

ముసలావిడ వాళ్లందరి వంకా చూసి, అయితే బీరకాయ లేతది చూసి తెమ్మంది. ఇక ఊరుకోలేదు. బియ్యం ఏ రంగు తిరిగేదాకా వేయించాలో ఆయాకు చెప్పింది. మంచాన్ని తూర్పుకి తిప్పించింది. పెడన ఆవిడ మొగుడు బజారుకు వెళ్లి బీరకాయలు తెచ్చాడు. ఆయా వార్డు వెనక కుంపటి మీద వండింది. నేను వెళ్లి హెడ్ నర్సుగారికి సంగతి చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమని చెప్పి, మగవాళ్ల వార్డులో పనుందని వెళ్లిపోయారు.

ముద్ద కలిపి నోటికందించాను. ఆవిడ కళ్లు మూసుకుని మింగి, మళ్లీ నోరు తెరిచింది. కంచం ఖాళీ అయింది. తర్వాత నాకు పట్టుకుంది దిగులు. జ్వరం తిరగబెడితే నా చెయ్యే అంటారు. అవసరం ఉన్నా లేకపోయినా వెళ్లి థర్మామీటరు పెట్టేదాన్ని. మాత్రల మీద నాకున్న నమ్మకం ఎటు పోయిందో తెలియదు. జ్వరం రాలేదు.

వరద పూర్తిగా తియ్యకముందే ఒక మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. పడవవాళ్లు రామంటే అరటిబోదెల తెప్ప మీద ఏరు దాటాడట. మోకాళ్ల దాకా బురద. తువ్వాలు మూటలో పాత బియ్యం, బీరకాయలు. తల్లి ముందు అప్పుడే ఆయా పెట్టి వెళ్లిన అన్నం కంచం చూసి ఆగిపోయాడు. పథ్యం ఎవరు పెట్టారని అడిగాడు. ఆవిడ గడ్డంతో నన్ను చూపించింది. అతను మూట నేల మీద పెట్టి, తను పెట్టాలని వచ్చానన్నాడు. అతనిది ఏదో నేను తీసేసుకున్నట్టయి బాధపడ్డాను.

"పథ్యం ఆ అమ్మాయి పెట్టేసిందిరా," అంది ముసలావిడ, కంచం అతని వైపు జరుపుతూ. "ఇంక నాకు రోగం లేదు. కూచుని అన్నం పెట్టు."

అతను చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. వెనకే వెళ్లి సబ్బు ఇచ్చాను. చెంచా సంగతి ఎత్తలేదు.