పెరుగు గిన్నె స్వెటర్

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గోడకు గోడ ఆనుకున్న పాత ఇళ్ల వరుసలో నిర్మలాదేవిది ఒకటి. ఏటా చలికాలమంతా ఆమె పాలు తోడుపెట్టి, గిన్నెకు భర్త హన్మంతు స్వెటర్ చుట్టి, నీళ్లు కాగే బాయిలర్ ఉన్న వెచ్చటి అల్మారాలో దాచేది. అయినా పొద్దునకు అవి పాలుగానే ఉండేవి. అటూ ఇటూ పోతూ వంటింటి గోడ మీద, బిడ్డకు జ్వరం చూసినట్టు చేయి ఆనించి చూడటం ఆమెకు అలవాటైపోయింది. ఈసారి మాత్రం పట్టుబట్టి, చలి లోపలికి రాకుండా మేస్త్రీ చేత బయటి గోడలకు మందపాటి ఇన్సులేషన్ పలకలు అంటింపించి, పైన పూత పూయించింది. ఆఖరి పూత ఆరిన సాయంత్రం, గిన్నెను ఏమీ చుట్టకుండా ఆ వంటింటి గోడ పక్కనే పెట్టేసింది.

"గీ చలిల తోడుకుంటదా?" అన్నాడు హన్మంతు.

"ఇంటికే స్వెటర్ తొడిగిచ్చినం. ఇగ గిన్నెకెందుకు?"

తెల్లారేసరికి వీధంతా మంచు. నిర్మలాదేవి మూత తీసి చూసింది, అంతే, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. వ్యాన్‌లోకి నిచ్చెనలు ఎక్కిస్తున్న మేస్త్రీ ముందు నిలబడి, "లుక్, డేవ్!" అంటూ గిన్నెను అమాంతం బోర్లించింది. డేవ్ ఎగిరి వెనక్కి గంతేశాడు. ఒక్క చుక్క రాలలేదు! గుమ్మంలో హన్మంతు, ఇన్నేళ్లకు చేతికొచ్చిన తన స్వెటర్ తొడుక్కుని, చప్పట్లు కొట్టాడు.