మేడమ్ చేయి చాపితే

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జువాలజీలో చేరినవాళ్ళలో సగంమందిమి లెక్కలంటే భయపడి వచ్చినవాళ్ళమే. అక్కడా స్టాటిస్టిక్స్ ఎదురైంది. అది చెప్పే మేడమ్‌కి ఒక అలవాటుండేది. ఎవరు సందేహం అడిగినా ముందు గాజులు పైకి తోసుకుని, "నాడి సూడమ్మా" అంటూ చేయి చాపేవారు. ఒక్క మనిషి కొలతే నిలకడగా ఉండదు, అలాంటప్పుడు ఒక్క రోగిని చూసి మందు పనిచేసిందని ఎలా చెబుతామనేది ఆవిడ పాఠం.

మొదటి పరీక్ష తప్పాక, చదువు మానేస్తానని చెప్పడానికి ఆవిడ గదికి వెళ్ళాను. నా మాట విని, గాజులు పైకి తోసుకుని చేయి చాపారు. నాడి లెక్కపెట్టి చెప్పాను.

"మళ్ళీ సూడు."

ఈసారి వేరే అంకె వచ్చింది.

"రెండిట్లో ఏది తప్పు?"

"ఏదీ కాదు మేడమ్. నాడి మారతానే ఉంటాది కదా."

"మరి ఒక్క పరీక్ష సూసి నువ్వేటో ఎలాగ తేల్సీసావే? కూకో."

ఏడుస్తూనే నవ్వేశాను. సగటు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. చీకటి పడేవేళకి, ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే ఒక లెక్క తేల్చాను. కోటబొమ్మాళి వెళ్ళాల్సిన మేడమ్ గడియారం చూసుకున్నారు.

"రైలెల్లిపోనాది," అన్నారు సంతోషంగా. "ఇంకోటి సెయ్యి."