తబూక్‌లో ఒక పెళ్ళిమాట, ఎక్కడో ఆగిపోయిన ఒక దరఖాస్తు

తబూక్ చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఏడేళ్ళుగా జుబైల్‌లో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. సెలవు దొరికితే ఒంగోలుకే టికెట్ తీసుకుంటాను. అలాంటిది మొన్న జనవరిలో ఈ దేశం తూర్పు తీరం నుంచి వాయవ్య మూలదాకా వెళ్ళానంటే దానికి కారణం హనాన్. మా క్లినిక్‌లోనే ఫార్మసీ చూసే సూడాన్ ఆవిడ. ఒకరోజు భోజనాల దగ్గర, "శుక్రవారం తబూక్ వెళ్తున్నాను. మా ఆయనకు సెలవు దొరకలేదు, ఒక్కదాన్నే వెళ్ళాలంటే ధైర్యం చాలడం లేదు, వస్తావా?" అని అడిగింది. పనేమిటంటే, "మా చిన్న తమ్ముడి పెళ్ళి సంబంధం వదులుకుంటున్నామని చెప్పి రావాలి," అంది.

ఆమె తమ్ముళ్ళు హాతిమ్, యాసిర్. సూడాన్ పడమటి వైపున్న వాళ్ళ ఊరి మీద దాడి జరిగిన రాత్రి ఇద్దరూ కలిసే పారిపోయారు. యూరప్‌లో ఒక దేశం చేరుకుని, ఒకేరోజు, ఒకే గదిలో ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అక్కడికి పంపారు. హాతిమ్‌ది దక్షిణాన ఒక పట్టణం, యాసిర్‌ది ఉత్తరాన మరొకటి. ఎవరి కేసు వాళ్ళున్న ప్రాంతపు ఆఫీసే తేల్చాలట. హాతిమ్‌కు ఏడాది తిరగకముందే కాగితాలు వచ్చాయి. ఇప్పుడు బేకరీలో పని చేసుకుంటున్నాడు. యాసిర్‌కు నాలుగో ఏడు నడుస్తోంది. ఇంటర్వ్యూకి పిలవడం, వాయిదా వేయడం, అంతే. దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. తబూక్‌లో ఉన్న సూడాన్ అమ్మాయి సమాహ్‌తో అతనికి నిశ్చితార్థమైంది ఈ గొడవలన్నిటికీ ముందు.

మాకు దగ్గరి దమ్మామ్ నుంచి తబూక్‌కు నేరుగా విమానం ఉంది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కాస్త ముందుగా కొంటే రానూపోనూ ఏడెనిమిది వందల రియాల్స్‌లో దొరుకుతుంది. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ఎక్కేసరికి దిగాం. ఎండైతే ఉంది కానీ దానిలో వేడి లేదు. జుబైల్ అలవాటుతో పలచటి శాలువా ఒక్కటే తెచ్చుకున్న నాకు పళ్ళు కొట్టుకున్నాయి. మా క్లినిక్ డ్రైవర్ చెప్పిపెట్టిన మహబూబ్ బయట కారుతో ఉన్నాడు. రోజంతటికీ నాలుగు వందలని ముందే మాట్లాడుకున్నాం. నేను తెలుగులో పలకరించగానే అతని మొహం విప్పారింది.

"మాది రాయచోటి అక్కా. ఈడికొచ్చి పదకొండేండ్లాయ. చలికి ఓర్చుకోల్లగానీ ఊరు మాత్రం మంచిదే," అన్నాడు.

జుమా నమాజు అయ్యాకగానీ వాళ్ళింటికి వెళ్ళకూడదని హనాన్ అంది. ఆలోగా మహబూబ్ ఒక బూఫియా ముందు ఆపాడు. ఇక్కడ చిన్న టీకొట్లను అలాగే అంటారు. గుడ్లూ రొట్టే చిక్కటి కరక్ టీ ఇద్దరికీ కలిపి ఇరవై రియాల్స్ లోపే. టీ పోసే కేరళ ఆయన హనాన్ ముందున్న ప్లేటు చూసి, "బాగాలేదా మేడం? వేరేది చేయనా?" అని హిందీలో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, రొట్టె కాగితంలో చుట్టించుకుంది.

తర్వాత పాత హిజాజ్ రైల్వే స్టేషన్ దగ్గరికి వెళ్ళాం. ఒకప్పుడు డమాస్కస్ నుంచి మదీనాకు వెళ్ళే రైళ్ళు ఇక్కడ ఆగేవి. రాతి కట్టడాలు చక్కగా ఉన్నాయి. శుక్రవారం ఉదయం కాబట్టి గేటు మూసి ఉంది, బయటినుంచే చూశాం. హనాన్ కారు దిగలేదు. మేం ఎందుకొచ్చామో మహబూబ్‌కు చెప్పాను.

"మా చిన్నాయన కొడుకుదీ ఇట్లాంటి కతే అక్కా," అన్నాడు. "ఒగే కఫీలు కింద పనిజేస్తా ఉండ్రి, వాడూ ఇంగొగడూ. ఇద్దరి మీదా పారిపోయినారని హురూబ్ కేసు పెట్టినాడు. తర్వాత సర్కారు మాఫీ ఇచ్చె. ఒగడు పెద్ద టౌన్లో ఉండె, ఆఫీసుల సుట్టూ తిరిగినాడు, ఇంటికి పొయ్యే ఎగ్జిట్ వచ్చె. మావోడు ఈడ తోటల్లో ఉండె. వాడు ఇంటికి పొయ్యేతలికి ఇంగో రెండేండ్లాయ. తప్పు ఒగటే, మాఫీ ఒగటే. ఉన్న సోటు వేరే, అంతే."

మధ్యాహ్నం ఊరు దాటి దుబా రోడ్డు పట్టాం. రెండు పక్కలా గోధుమ పొలాలు, పండ్లతోటలు. ఎడారి మధ్యలో ఇంత పచ్చదనం ఉంటుందని నేను ఊహించలేదు. అలాంటి ఒక తోటలో సమాహ్ తండ్రి ఇద్రీస్ నీటి పనులు చూస్తారు. తోట అంచునే వాళ్ళ ఇల్లు. ఆయన గుమ్మం దాకా ఎదురొచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. సమాహ్ అల్లం వేసిన కాఫీ తెచ్చి, వెళ్ళిపోకుండా తండ్రి పక్కనే కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. క్లినిక్ పుణ్యమా అని నాకు అరబిక్ అర్థమవుతుంది కాబట్టి మాటలన్నీ వినగలిగాను.

హనాన్ దారిపొడవునా మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పేసింది. "యాసిర్ పంపాడు బాబాయ్. తనకోసం ఇంకా ఆగమని అడిగే మొహం లేదన్నాడు. మీ అమ్మాయికి మీరు వేరే సంబంధం చూసుకోవచ్చు."

ఆయన కప్పు పక్కన పెట్టారు. "ఒకే ఇంట్లోంచి, ఒకే రాత్రి పారిపోయిన పిల్లలు. ఒకడు చెప్పింది నిజమూ ఇంకొకడు చెప్పింది అబద్ధమూ ఎలా అయింది?"

"అబద్ధమని ఎవరూ అనలేదు బాబాయ్. ఎవరూ ఇంకా ఏమీ అనలేదు, అదే బాధ," అంది హనాన్.

అప్పుడు సమాహ్ మాట్లాడింది. "ఆగమని నన్ను ఎవరూ అడగలేదు. మానుకోమని కూడా ఎవరూ అడగక్కర్లేదు," అంది నెమ్మదిగా. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఇప్పుడే నికాహ్ చేయండి. ఆయన రాలేకపోతే ఆయన తరఫున ఎవరైనా కూర్చుంటారు. ఇప్పుడు నేను ఎదురుచూసేది ఏ ఆఫీసు లెక్కలోనూ లేదు. భార్యనైతే ఆయన ఫైలులో నా పేరూ ఉంటుంది. ఆలస్యం ఇద్దరిదీ అవుతుంది."

"అది ఆ ఫైలును ముందుకు నడిపిస్తుందా?"

"నడిపించకపోవచ్చు."

"మరి పెళ్ళై కూడా ఇదే గదిలో ఉంటావా, ఎన్నేళ్ళు?"

ఆయన నావైపు తిరిగి, "మీరు బయటివారు. మీ కూతురైతే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ నాకు నిజంగా తెలియలేదు, అదే చెప్పాను. ఆయన తల ఊపి, "ఈ రోజు నేను ఔననలేను," అని లేచారు. భోజనం పెట్టకుండా మాత్రం పంపలేదు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో హనాన్ తమ్ముడికి ఫోన్ చేసింది. సమాహ్ అన్నదంతా చెప్పింది. అంతా విని యాసిర్, "ఆమె ఏ రంగు బట్టలు కట్టుకుంది?" అని అడిగాడు. మర్నాడు ఉదయం ఇద్రీస్ తానే హోటల్‌కు వచ్చారు. కమలాపండ్ల పెట్టె ఒకటి హనాన్ చేతిలో పెట్టి, "మీ ఆయనను అడుగు. యాసిర్ తరఫున కూర్చుంటాడేమో," అన్నారు.

నికాహ్ రంజాన్‌కు ముందే అయిపోయింది. యాసిర్ ఫోన్‌లో చూశాడట. అతనికి ఆఫీసు నుంచి పిలుపు ఇంకా రాలేదు. వరుసలో నిలబడటం కష్టమే, కానీ అందరూ ఒకే వరుసలో ఉన్నారని తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు. ఊరికో వరుస పెట్టి, ఏది కదులుతుందో ఏది కదలదో చెప్పకపోతే, ఆగిపోయిన వరుసలోని మనిషి తనలోనే ఏదో లోపముందని అనుకోవడం మొదలుపెడతాడు. యాసిర్ ఆ సంబంధం వదులుకోవాలనుకున్నది ఆ అనుమానంతోనే అని నాకనిపిస్తుంది.

తబూక్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. స్వెటర్ ఎలాగూ పెట్టుకుంటారు. ఎవరింటికైనా పెద్ద విషయం మాట్లాడటానికి వెళ్తుంటే మాత్రం తిరుగు టికెట్ అదేరోజుకు తీసుకోకండి. మంచి గది రెండు వందల రియాల్స్‌కు దొరుకుతుంది. వాళ్ళకు ఆలోచించుకోవడానికి ఒక రాత్రి ఇవ్వండి.