మాటివ్వని మాస్టారు

మా బావ ఎవరికీ ఇవ్వనిది ఒక్కటే: మాట. గొడుగు అడిగితే ఇచ్చేవాడు. చొక్కా అడిగితే విప్పి ఇచ్చేవాడు. ఒకసారి మా అక్కను అడక్కుండా ఆవిడ కుట్టుమిషనే పక్కింటికి ఇచ్చేశాడు. కానీ ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి’ అన్నారో, ఆయన చెవులు ఎర్రబడేవి, తల వంగిపోయేది, గొంతు సగానికి సగం దిగిపోయేది.

“క్షమించండి. మాటివ్వలేను” అనేవాడు, ఎదుటివాడి కాలు తొక్కినవాడిలా సిగ్గుపడిపోతూ.

ఇది పుట్టుకతో వచ్చిన రోగం కాదు. ప్రభుత్వం అంటించింది. మా ఇద్దరిదీ ఒకే బడి. నేను లెక్కలు, ఆయన డ్రాయింగు. పిల్లల రక్షణ చూసేందుకు ప్రతి బడిలోనూ ఒక బాధ్యుడు ఉండి తీరాలని చట్టం వచ్చినప్పుడు, మా హెడ్‌మిస్ట్రెస్ సిబ్బందినంతా ఒకసారి కలయజూసి, ఎవరి ముఖంలో తీరిక ఎక్కువగా కనిపించిందో వాళ్ళ చేతిలో మార్గదర్శకాల పుస్తకం పెట్టింది. అలాంటి పుస్తకాలు బీరువా ఎక్కడానికే పుడతాయని లోకానికంతా తెలుసు. మా బావకు తెలియదు. చదివేశాడు.

అందులో ఒక వాక్యం ఆయన పాలిట వేదమైంది. పిల్లలు కష్టం చెప్పుకోవడానికి వచ్చినప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వరాదు. సాయం చేయగలవారికి చెప్పవలసి వస్తుందని ముందే తెలపవలెను.

“పిల్లలు అని ఉంది కదా బావా, పెద్దవాళ్ళ మీద ఎందుకు ప్రయోగిస్తావు?” అని అడిగాను.

“సాధన లేకపోతే పిల్లల దగ్గర తడబడతానోయ్. అందుకని పెద్దల మీద అలవాటు చేసుకుంటున్నాను” అన్నాడు.

ఆ సాధనకు మొదటి బలి మా అక్క. అత్తగారి గాజుగిన్నె పగిలింది. “ఏమండీ, మీ అమ్మకు చెప్పకండి.” “మాటివ్వలేనోయ్.” చెవులు ఎర్రగా చేసుకుని తల్లి దగ్గరకు వెళ్ళి విన్నవించాడు. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఒరే, అది కిందటేడే నా చేతిలో పగిలింది. జిగురుపెట్టి అతికించి పైనుంచాను. కోడలికి మాత్రం చెప్పకు.”

“మాటివ్వలేనమ్మా.”

దాంతో అత్తాకోడళ్ళ మధ్య కొత్తగా ఐకమత్యం పుట్టింది. ఇద్దరూ కలిసి ఆయనతో మాట్లాడటం మానేశారు.

మంగలి దగ్గర ఇంకో ఘట్టం. గడ్డం గీస్తూ గీస్తూ అతను, “ఎవరితోనూ అనకండి గానీ మాస్టారూ, మీ పక్కింటాయన జుట్టు…” అని అందుకున్నాడు. దుప్పటి కింద నుంచి బావ చెయ్యి పైకి లేచింది. “ఆగండి. దాస్తానని మాటివ్వలేను.” గొంతు మీద కత్తి ఉండగా మాటివ్వనన్న మనిషిని తన వృత్తిలో ఈయన్నొక్కణ్ణే చూశానని మంగలి ఊరంతా చెప్పుకున్నాడు.

బడిలో ఆయనకు ‘దండోరా మాస్టారు’ అని పేరు. ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, స్టాఫ్‌రూమ్ వాతావరణ కేంద్రమైపోయేది. “ఉక్కపోతగా ఉంది కదండీ.” “అవునండీ, మబ్బు పట్టేలా ఉంది.” ఆయనకు అర్థమయ్యేది. చాక్‌పీసులు తీసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. “ఇంత వయసొచ్చి నోరు కట్టుకోలేకపోవడానికి సిగ్గుండాలి” అని వెనక నుంచి ఎవరో వినిపించేలా అనేవారు.

ఇందుకు పూర్తి వ్యతిరేకం మా లైబ్రేరియన్ మేడమ్. ఆవిణ్ణి ‘ఇనప్పెట్టె’ అనేవాళ్ళం. టీచర్ల ప్రేమలు, పిల్లల కన్నీళ్ళు అన్నీ అందులో పడేవి. ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. మనిషంటే ఆవిడలా ఉండాలని మేమంతా అనుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం, ఏడో తరగతి అమ్మాయి, బడి పరుగుపందెం జట్టులోది, డ్రాయింగు గది గుమ్మంలో నిలబడింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

“సార్, మీకొక మాట చెప్పాలి.”

బావ చెవులు రంగెక్కాయి. “చెప్పమ్మా. కానీ ముందే అంటున్నాను, ఎవరికీ చెప్పనని మాటివ్వలేను.”

“తెలుసు సార్. అందుకే వచ్చాను.”

ఆ వాక్యానికి ఇలాంటి జవాబు వస్తుందని పుస్తకంలో లేదు. బావ కుంచె కడగడం ఆపేశాడు.

“ముందు లైబ్రేరియన్ మేడమ్‌కి చెప్పాను సార్. ఎవరికీ చెప్పనని ఒట్టేశారు.”

“ఊఁ.”

“ఒట్టు నిలబెట్టుకున్నారు సార్.”

తర్వాత ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. ఆటల మాస్టారు, మా అద్దాల బీరువాలోని కప్పులన్నీ గెలిపించిన మహానుభావుడు, పరుగులో వెనకబడ్డ పిల్లల్ని సామాన్ల గదిలో పెట్టి గడియ వేస్తాడు. లోపల దీపం లేదు. ఈసారి ఆ అమ్మాయి వంతు వచ్చింది. భయానికి బట్టలు తడిసిపోయాయి. ఇంట్లో చెబుదామంటే సిగ్గు. రేపు మళ్ళీ ప్రాక్టీసు.

“సిగ్గుపడే పని నాకొదిలెయ్యమ్మా. అందులో నాకు మంచి అనుభవం ఉంది” అన్నాడట బావ. ఏడుస్తూనే ఆ పిల్ల ఫక్కున నవ్విందట.

ఆయన నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాడు. ఏదో సంతకానికి నేను అప్పటికే అక్కడ ఉన్నాను. పిల్ల పేరు పెదవి దాటకుండా ఒక కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టి, మిగతాది చెప్పాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

“మాస్టారూ, ఇది మన ముగ్గురి మధ్యే ఉండనివ్వండి. ఆయన్ని నేను మందలిస్తాను. బడి పరువు.”

“మాటివ్వలేనండి.”

“పదిమందిలో నవ్వులపాలవుతాం. మీకు సిగ్గుగా లేదూ?”

“ఉందండి. చాలా ఉంది. నంబరు మీరు నొక్కిపెడతారా?”

ఆవిడ నొక్కలేదు. ఆయనే నొక్కాడు, రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారికి పిల్లల రక్షణ అధికారి పలికాడు. ఆ తర్వాత అమ్మాయి తల్లికి కబురు వెళ్ళింది. మర్నాడు ప్రాక్టీసు జరగలేదు. బడి గంటకు ముందే అధికారులు వచ్చారు. విచారణ నడిచింది, ఆటల మాస్టారి ఉద్యోగమూ పోయింది, కేసూ పడింది. సామాన్ల గది తలుపును గడియతో సహా ఊడదీశారు.

ఆ వారం స్టాఫ్‌రూమ్‌లో వాతావరణం గురించి మాట్లాడటానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. ఆ గది పక్కనుంచి మేమంతా రోజూ నడిచాం. కప్పులు వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక అందరం టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాం. లైబ్రేరియన్ మేడమ్ లేచి బావ ముందు నిలబడింది.

“మాట తప్పకూడదనుకున్నానండీ. అంతే అనుకున్నాను.”

“ఇవ్వకూడని మాట ఇచ్చారు, అంతేనండి. పుస్తకం నా బల్ల మీదే ఉంది. పేజీ మడిచి పెట్టాను” అన్నాడు, తప్పంతా తనదైనట్టు నేల చూస్తూ.

అసలు వింత ఆ తర్వాత. ఆ పిల్ల ఎవరని బడంతా ఆరా తీసింది. దండోరా మాస్టారు కదా, అడిగితే చాలనుకున్నారు. నోరు మెదపలేదు. “భార్యకు కూడా చెప్పరా?” అని అక్క నిలదీసింది. “నువ్వు చెయ్యగలిగిన సాయం ఏదైనా ఉందా?” “లేదు.” “మరి నీకెందుకోయ్?” ఆలోచించి చూస్తే, గిన్నె సంగతి కూడా ఆయన పక్కింట్లో చెప్పలేదు, గిన్నెగలావిడకే చెప్పాడు. ఆ అమ్మాయి పెద్దదై, తన కథ తనే నవ్వుతూ చెప్పి, రాసుకోమన్నాకే నేనిది రాస్తున్నాను.

అప్పటినుంచీ డ్రాయింగు గది ముందు పిల్లల వరస మొదలైంది. దాచమని ఎవరూ రారు. తాము చెప్పలేనిది చేరవేయమని వస్తారు. కిటికీ అద్దం పగలగొట్టినవాడు, స్నేహితురాలితో పోట్లాడి క్షమించమనడానికి మొహం చెల్లనిది, కళ్ళజోడు కావాలని నాన్నతో అనలేనివాడు. బావ అందరి సిగ్గూ మోసుకుని, ఎర్రటి చెవులతో ఇంటింటికీ తిరిగేవాడు.

ఒకరోజు నా దగ్గరకే వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

“ఏమిటి బావా?”

“ఏమీ లేదోయ్. నీ బీజగణితం… మూడో పాఠం నుంచి క్లాసులో ఎవరికీ అర్థం కావట్లేదట.”

“ఎవరన్నారు?”

“అది చెప్పను.”

మర్నాడు పాఠం మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరన్నారో కనిపెడదామని క్లాసంతా ఒకసారి కలయజూశాను. అన్ని ముఖాల్లోనూ ఒకే సంతోషం కనిపించింది.