మేడ మీది ఎర్ర తువ్వాలు

మొన్న సాయంత్రం వరంగల్‌లో ఉన్న మనవరాలు కొత్తగా నేర్చుకున్న నాట్యం చూపిస్తానని వీడియో కాల్ చేసి, గజ్జెలు కట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తిందో లేదో బొమ్మ అలాగే నిలిచిపోయింది. ఇవాళ్టి మీ డేటా అయిపోయింది, రేపటిదాకా ఇంటర్నెట్ నెమ్మదిగానే వస్తుందని కంపెనీవారి మెసేజి. చిత్రమేమిటంటే అదే ఫోనులో ఆ కంపెనీవారి సొంత సినిమాల యాప్ మాత్రం ఎక్కడా ఆగకుండా హాయిగా ఆడుతోంది. అది లెక్కలోకి రాదట. తమ బండికి దారి వదిలి, నా మనవరాలిని పక్కన నిలబెట్టారన్నమాట. ఒళ్లు మండింది. ఆ మంటలోనే, శంషాబాద్‌లో మేము కిరాయికున్న ఇంటి మేడా, దాని మీది దండెమూ గుర్తుకొచ్చి నవ్వూ వచ్చింది.

విమానాలు మా నెత్తి మీదుగా దిగడం మొదలై అప్పటికి కొన్నేళ్లే. నేను కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేదాన్ని. ఆ ఇంట్లో అద్దెకున్న నాలుగు కుటుంబాలకీ కలిపి ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. మన వయసువారికి గుర్తుండే ఉంటుంది, నెలకింత అని హద్దు, అది దాటితే నెలాఖరుదాకా నత్తనడక. ఒకరు సినిమా దింపుకుంటే మిగతావాళ్లు గుడ్లప్పగించి కూర్చోవలసిందే. మెట్ల మీద రోజూ తగాదాలే. చివరికి మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. తప్పనిసరి పని ఉన్నవాళ్లు మేడ మీది దండెం మీద ఎర్ర తువ్వాలు వేయాలి, అది కనబడితే మిగతావాళ్లు కంప్యూటర్లు కట్టేయాలి, ఎవరి పని అని అడగకూడదు, వేసినవాళ్లే తీయాలి. ఆ తరవాత మేమెవ్వరం ఎర్రబట్ట అక్కడ ఆరేసిన పాపాన పోలేదు.

కింద వాటాలో, మేమందరం ఆపా అని పిలుచుకునే ఆవిడ ఉండేది. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. పెద్దబిడ్డ నికా ఒక ఆదివారం ఇంట్లోనే అనుకున్నారు గానీ, ఆయనకు సెలవు దొరకలేదు. కంప్యూటర్లోనే చూస్తానన్నాడు. తీరా చూస్తే అది నెలాఖరు, హద్దు దగ్గరపడింది. అంతకుముందు నెలాఖరులో ఆయన గొంతు వినబడింది గానీ ముఖం నిలిచిపోయింది. ఈసారీ అలాగే అయితే ఎలాగన్నది ఆపా బెంగ. అయినా మీరు వాడకండని నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

ఆ గురువారం దండెం మీద ఎర్ర తువ్వాలు కనబడింది. అందరం కంప్యూటర్లు కట్టేశాం. శుక్రవారమూ ఉంది, శనివారమూ ఉంది. క్రికెట్ పిచ్చి ఉన్న మా ఆయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారే గానీ, నియమం నియమమే కదా, ఎవరినీ అడగలేదు.

ఈపాటికి తీసేసి ఉంటారని ఆదివారం పొద్దున తన తువ్వాలు వేద్దామని పైకెళ్లిన ఆపా, దండెం ఇంకా ఖాళీ కాకపోవడం చూసి, తనది అలాగే చేతపట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, ఎవళ్లదో పెద్ద పని ఉన్నట్టుంది. వాళ్లది ఆపి మాది ఎట్ల పెట్టుకుంట? ఇగ ఆయన బిడ్డ నికా సూడనట్టే" అంటూ కళ్లు తుడుచుకుంది. నా మనసు ఆగలేదు. మొదటిసారి కట్టుబాటు తప్పి పై ఇళ్ల తలుపులు తట్టి అడిగాను. మాది కాదంటే మాది కాదన్నారు. అంతలో, అదే ఇంట్లో వెనక గదిలో ఉంటూ మంఖాల్‌లో అక్కగారింటికి వెళ్లిన ఇంటి ఓనరమ్మ, పెళ్లి చూద్దామని ఆటో దిగింది. ఆవిడకు కంప్యూటరు లేదు, మా కట్టుబాటు ఆవిడకు చెప్పాలని మాకెవ్వరికీ తోచలేదు.

"అయ్యో, అది నా తువ్వాలనే! బేస్తారం నాడు ఆరేసి మర్చిపోయి పోయిన. గింత దానికి ఇల్లంత పరేషాన్ అయితరా?" అంది సంగతంతా విని.

నవ్వలేక చచ్చాం. ఆవిడే పైకెళ్లి తన తువ్వాలు తీసింది, ఆపా తనది వేసింది. మూడు రోజులు ఇల్లంతా ఉపవాసం ఉన్న పుణ్యం కాబోలు, ఆ మధ్యాహ్నం బొమ్మ ఒక్కసారీ నిలవలేదు. బిడ్డ తలవంచుకుని, తనకు సమ్మతమేనని ఖుబూల్ అన్నప్పుడు ఆ తండ్రి చేతిరుమాలుతో ముఖం కప్పుకోవడం, మళ్లీ తీసి నవ్వడం, అన్నీ చూశాం. అంత సంతోషం మా ఇంటి పెళ్లిళ్లలోనూ నేనెరగను.

ఇప్పుడా ఇల్లు విమాన ప్రయాణికుల లాడ్జి అయింది. ఆపా భర్త గల్ఫ్ వదిలి వచ్చేసి మామిడిపల్లిలో మనవలతో సుఖంగా ఉన్నాడు. ఆ నత్తనడక రోజులే మేలని నేననను; నా మనవరాలు మర్నాడు మళ్లీ ఆడి చూపించింది, చూడముచ్చటగా ఆడింది కూడా. కానీ అప్పుడు ఎవరి పనికి ఎవరు ఆగాలో మేమే అనుకునేవాళ్లం, ఆగినవాళ్ల ముఖాలు తెలిసేవి. మొన్న సాయంత్రం మాత్రం, చెయ్యి పైకెత్తి నిలిచిపోయిన ఆ పిల్లను చూస్తూ, ఎర్ర తువ్వాలు వేద్దామన్నా ఎవరికి కనబడేలా వేయాలో తెలియక కూర్చున్నాను.