నిమ్మకాయలు తొక్కని బండి

ఆయన పేరు నా డైరీలో రాయలేదు, ఇక్కడా రాయను. మా పక్కింటాయన. రెండేళ్లు తన కారుషెడ్డులోనే పాత జీపును ఎత్తు పెంచి, ట్రాక్టరు చక్రాలు బిగించాడు. ఎవరు కనిపించినా బానెట్ తట్టి, "నడుంలోతు నీళ్లయినా దాటేస్తుందండీ" అనేవాడు.

గోదావరి వరద మా వీధిలోకి వచ్చిన ఉదయం నా భార్యకు ఊపిరాడలేదు. ఆటోలు రాలేదు. అమలాపురం ఆసుపత్రిదాకా తీసుకెళ్లమని ఆయన్ని బతిమాలాను.

"ఇంకా పూజ కాలేదండీ బాబాయిగారూ. మొట్టమొదటే రోగిని ఎక్కిస్తే ఎలాగండీ? గురువారం మంచిదన్నారు" అంటూ మళ్లీ బానెట్ తట్టాడు.

ఆవిడను నాటుపడవలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. బతికింది.

గురువారం బండిచేత నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరిముక్కతో మా గుమ్మంలోకి వచ్చాడు.

"పిన్నిగారికి ఎలా ఉందండీ? ప్రసాదం తీసుకోండి."

ప్రసాదాన్ని ఏనాడూ కాదనని నేను ఆ చేతిని చూసి తలుపు వేసేశాను.