ఏం తిన్నావు? ఎన్నింటికి?

మత్తు డాక్టరుగారికి మనిషి కనబడితే చాలు, నమస్కారం లేదు, కుశలం లేదు. "ఏం తిన్నావు? ఎన్నింటికి?" అంతే.

పళ్ళ ఆసుపత్రి ముందుగదిలో చీటీలు రాసే అమ్మాయి ఆ ప్రశ్నకు రోజూ మూడుసార్లు జవాబు చెప్పుకునేది. ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చినవాడు నిచ్చెన మీదినుంచే చెప్పుకున్నాడు. "పెళ్ళిచూపుల్లో నా పేరు కూడా అడగలేదమ్మా," అని డాక్టరుగారి భార్య ఒకసారి ఆ అమ్మాయి దగ్గర వాపోయింది. "పొద్దున ఏం తిన్నావన్నారు. అబ్బో, ఎంత ప్రేమో అనుకుని ఒప్పేసుకున్నాను!"

ఆయన మాత్రం నవ్వేవారు కాదు. "కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో పైకొస్తుంది. ఊపిరితిత్తుల్లోకి దిగిందా, ప్రాణం మీదికొస్తుంది. పన్నుదేముంది, ఎప్పుడైనా తీయొచ్చు."

ఆ రోజు ఐదేళ్ళ పాపకి ఆరు పుచ్చుపళ్ళు తీయాలి. మెలకువగా ఉంటే కుర్చీ ఛాయలకే రాదు, అందుకని మత్తు.

"ఏం తిన్నావు?" అన్నారు డాక్టరుగారు.

"ఏమీ తినలేదండీ," అంది అమ్మమ్మ, పాప నోరు విప్పకముందే.

"మిమ్మల్ని కాదమ్మా."

పళ్ళ డాక్టరమ్మ విసుక్కుంది. "ఇంకెన్నిసార్లు అడుగుతారండీ? అంతా సిద్ధంగా ఉంది."

ఆయన పాప ముందు గొంతుక్కూర్చున్నారు. "నిన్న ఫోనులో పందెం వేసుకున్నాం, గుర్తుందా? నేను పొద్దున్నుంచి కాఫీ కూడా తాగలేదు. మరి నువ్వో?"

పాప అమ్మమ్మ వంక చూసింది. "నేను ఓడిపోయా. అమ్మమ్మ రెండు బిస్కెట్లు పెట్టింది. ఎవరికీ చెప్పొద్దంది."

"అత్తయ్యా!" అని అరిచాడు పాప నాన్న.

"ఆకలని ఏడుస్తుంటే మనసొప్పలేదు నాయనా," అంది ఆవిడ తలొంచుకుని.

"అరవకయ్యా, తప్పు నాదే," అన్నారు డాక్టరుగారు. "పాపతో పందెం వేసి అమ్మమ్మని వదిలేశాను. నొప్పికి మందిస్తాం, ఎల్లుండి రండి. ఈసారి పందెం ముగ్గురికీ."

చీటీల అమ్మాయికి అప్పుడు తెలిసింది, పిల్లలకి మత్తిచ్చే రోజుల్లో ఆయన క్యారేజీ తన బల్ల మీద ఎందుకు మూతపడి ఉంటుందో. పాపం, ఇన్నాళ్ళూ డాక్టరుగారి భార్య వంట బాగోదేమో అనుకుంది.

చెప్పిన రోజున అమ్మమ్మ ముందే వచ్చి గుమ్మంలో కాపు కాసింది. డాక్టరుగారు లోపలికి అడుగుపెట్టారో లేదో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం తిన్నారు? ఎన్నింటికి?"

"ఏమీ తినలేదమ్మా!"

"నేను నమ్మనయ్యా. ఏదీ, నోరు తెరవండి."

డాక్టరుగారు బుద్ధిగా నోరు తెరిచారు. పాప పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే నడిచి వెళ్ళి కుర్చీ ఎక్కింది.

పాప కళ్ళు తెరిచాకే క్యారేజీ మూత తెరుచుకుంది. అందులో సగం అమ్మమ్మకి.